మృతులు స్వయంగా హాజరు కావలెను

ఒక విషయం ముందే ఒప్పేసుకుంటా. ఫోన్‌లో "పైన రాసినవన్నీ చదివాను, అంగీకరిస్తున్నాను" అని ఒక చిన్న గడి వస్తుంది చూడండి, దాన్ని నేను జీవితంలో ఒక్కసారి కూడా చదివి టిక్కు పెట్టలేదు. ఈపాటికి నా రెండు కిడ్నీలూ, మా మేడ మీది నీళ్ళ ట్యాంకూ ఎవరో ఒకరికి రాసిచ్చేసే ఉంటాను. కాబట్టి ఈ కథలో ఎవర్నీ చూసి నవ్వే అర్హత నాకు లేదు. అయినా నవ్వుతా. మీరూ నవ్వండి, తర్వాతి సంగతి తర్వాత.

కథ ప్రణుతిది. మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేసేది. ఆ కంపెనీ ఆస్తి మొత్తం ఒకే ఒక్క సాఫ్ట్‌వేర్. పేరు "నిండు నూరేళ్ళు". రిటైరైన పెద్దవాళ్ళు ఏటా నవంబర్లో వచ్చి, మిషన్ మీద వేలు పెట్టి, తాము బతికే ఉన్నామని నిరూపించుకుంటే పెన్షన్ సాగుతుంది. మూడుసార్లు పిలిచినా రాకపోతే ఆగిపోతుంది. పాలకొల్లులో ఉండే ప్రణుతి వాళ్ళ తాతయ్య కూడా ఏటా ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళి బతికొస్తుంటాడు.

ఒకరోజు కంపెనీ పెద్దాయన చక్రపాణి గారు మీసం దువ్వుకుంటూ వచ్చాడు.

"అమ్మా ప్రణుతీ, ఆఫ్రికా ఆర్డరొచ్చింది. ఒక దేశంలో అనాథ పిల్లల లెక్క తేల్చాలట. మన నిండు నూరేళ్ళే ఇచ్చేద్దాం. పెన్షనర్ అన్నచోట అనాథ అని పెట్టు. బతికి ఉన్నారు అన్నచోట చనిపోయి ఉన్నారు అని పెట్టు. మూడు రోజుల పని. నేను ఆరు నెలలని చెప్పాను, కాబట్టి నెమ్మదిగా చెయ్."

ప్రణుతి చేసింది. చేశాక ఒకసారి మొదట్నుంచీ నడిపి చూసింది. చూసి, కుర్చీలోంచి లేచి ఆయన గదిలోకి వెళ్ళింది.

"సార్, పాతదాంట్లో ఎవరు బతికున్నట్టు తేలాలో వాళ్ళొచ్చి వేలు పెట్టేవాళ్ళు. ఇప్పుడు ఎవరు చనిపోయినట్టు తేలాలో వాళ్ళొచ్చి పెట్టాలని అడుగుతోంది."

"ఎవరు?"

"పిల్లల అమ్మానాన్నలు. చనిపోయినవాళ్ళు. మూడుసార్లు పిలిచినా రాకపోతే పిల్లకి సాయం ఆగిపోతుంది. పైగా ఏటా రావాలి. ఒకసారి పోయినవాళ్ళు పోయినట్టే కదా సార్, ఏటా ఎందుకు?"

చక్రపాణి గారు పెన్ను మూత పెట్టాడు. "సాఫ్ట్‌వేర్‌లో ఏటా అని ఉందమ్మా. అది పీకితే మొత్తం కూలిపోద్ది. ఆ ముక్క రాసినోడు బెంగళూరు వెళ్ళిపోయాడు. నువ్వు మెయిల్ పెట్టు, నేను చూస్తా."

ఆమె మెయిల్ పెట్టింది. ఆయన "గమనించాము" అని జవాబిచ్చాడు. నెల తిరక్కుండా అక్కడివాళ్ళకి శిక్షణ ఇమ్మని ప్రణుతిని విమానం ఎక్కించారు.

*

దేశం పేరు చెప్పను. పక్కనే సముద్రమంత సరస్సు ఉంటుంది. మనుషులు మర్యాదస్తులు. దారిన పోయే పరాయి మనిషిని కూడా ఆపి, బాగున్నావా, రాత్రి నిద్ర పట్టిందా అని అడిగిగానీ వదలరు. బాలల సంరక్షణ శాఖ మాత్రం ప్రపంచంలో అన్ని శాఖల్లాగానే ఉంటుంది.

శిక్షణ మొదటిరోజు అనాథత్వ ధ్రువీకరణ విభాగం డైరెక్టర్, డాక్టర్ గాడ్‌ఫ్రీ మ్బేవే ఉపన్యసించాడు. మనిషి దుక్కలా ఉంటాడు, ఎండాకాలంలో కూడా మూడు ముక్కల సూటు.

"సోదర సోదరీమణులారా! ఇన్నాళ్ళూ ఈ జిల్లాలో ఒక పిల్ల అనాథ అని ఊరిపెద్ద చెబితే నమ్మేశాం. ఇరుగుపొరుగు చెబితే నమ్మేశాం. సాక్ష్యాధార రహితమైన ఈ భావోద్వేగ పాలనకు నేటితో తెర దించుతున్నాం. ఇకపై అనాథత్వం ఏ బిడ్డకూ శాశ్వత హోదా కాదు. వార్షిక సమీక్షకు లోబడి ఉంటుంది."

వెనక వరసలోంచి ఒక చెయ్యి లేచింది. ఎలిఫా. జిల్లాలో పిల్లల సంరక్షణ కార్యకర్త. ఇరవై రెండు ఊళ్ళకి ఒక్కతే, ఒక్క సైకిలు.

"సార్, చిన్న సందేహం. చనిపోయిన తల్లిదండ్రులు మరుసటి ఏడాదికి ఏమన్నా మెరుగవుతారా?"

హాల్లో ఎవరో దగ్గుతో నవ్వు కప్పుకున్నారు. డైరెక్టర్ గారు మాత్రం నవ్వలేదు.

"మేడమ్, సమాచారం సేకరించకముందే ఫలితం మీద ఒక అభిప్రాయానికి రావడం పక్షపాతం అనిపించుకుంటుంది."

"మరి వాళ్ళని పిలవడం ఎలా సార్?"

"లిఖితపూర్వక నోటీసు. చివరిగా తెలిసిన చిరునామాకి. స్వయంగా అందించి, ఫోటో తీసి, సిస్టమ్‌లోకి ఎక్కించాలి."

ఎలిఫా బుద్ధిగా రాసుకుంది. బయటికొచ్చాక ప్రణుతి పక్కన సైకిలు నడిపిస్తూ అంది: "సిస్టర్, ఇది నువ్వే రాశావా?"

"మూడు రోజుల్లో," అంది ప్రణుతి. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"మరి నాలుగో రోజు ఏం చేశావు?"

*

తమాండకి పదమూడేళ్ళు. అమ్మానాన్నలు మూడేళ్ళ కిందట ఒకే వానాకాలంలో పోయారు. అప్పట్నుంచీ అమ్మమ్మ ఎస్నాత్ దగ్గర ఉంటోంది. అక్కడ అమ్మమ్మల్ని, నాయనమ్మల్ని ఊరంతా "అగోగో" అనే పిలుస్తారు. ఆ ఏడు ఎనిమిదో తరగతి పరీక్షలో తమాండకి జిల్లాలో రెండో స్థానం వచ్చింది. సరస్సు అవతల ఆడపిల్లల హాస్టల్ స్కూల్లో సీటు పిలుపు వచ్చింది. నాలుగేళ్ళ చదువు, తిండి, పడక అన్నీ ప్రభుత్వానివే. కావాల్సింది ఒకే కాగితం: "అనాథత్వ కొనసాగింపు ధ్రువపత్రం". శుక్రవారంలోగా అందకపోతే సీటు తర్వాతి పిల్లకి పోతుంది.

మూడో నోటీసు ఇవ్వడానికి సోమవారం ఎలిఫా వెంట ప్రణుతి కూడా వెళ్ళింది. చివరి చిరునామా ఊరి చివర శ్మశానం. అక్కడ సమాధుల దగ్గర చెట్లు కొట్టరు, అందుకని దూరానికి చిట్టడవిలా కనిపిస్తుంది. ఎలిఫా తమాండ తల్లి సమాధి మీద నోటీసు పరిచి, ఎగిరిపోకుండా రాయి పెట్టి, ఫోటో తీసింది. పక్కనే తండ్రి సమాధి. అక్కడా అంతే.

ఫోన్ టింగుమంది. తెరమీద ఆకుపచ్చ అక్షరాలు: "చిరునామా సరిపోయింది. వ్యక్తి చిరునామాలోనే ఉన్నారు. స్పందించుట లేదు."

ఆ అక్షరాలకి ఆకుపచ్చ రంగు ప్రణుతే ఎంచింది. పెద్దవాళ్ళ కళ్ళకి హాయిగా ఉంటుందని.

కూతురి సమాధి పక్కన ఎస్నాత్ గడ్డి పీకుతోంది. ఎలిఫా ఆమెకీ ప్రణుతికీ మధ్య మాట చేరవేసింది.

"ఈ పిల్ల ఆ మిషన్ తాలూకు మనిషా?"

"అవును అగోగో."

"అడుగు. నా కూతుర్ని నేనే కడిగి, నేనే గుడ్డ చుట్టి ఇక్కడ పెట్టాను. నా మాట చాలదా?"

ప్రణుతి తాతయ్య సంగతి చెప్పింది. "మా తాతయ్య కూడా ఏటా వెళ్ళి బతికే ఉన్నానని మిషన్‌కి చెప్పుకుంటాడు అగోగో."

ముసలామె గడ్డి పీకడం ఆపి ఆమె వైపు జాలిగా చూసింది. "పాపం. ఆయన్ని చూస్తే తెలీడం లేదా?"

*

మంగళవారం నాటికి ఊళ్ళో సగం సమస్య తీరిపోయింది. మిషన్ గుట్టు జనానికి అర్థమైంది. ఎవరో ఒకరు తండ్రినని వచ్చి వేలు పెడితే చాలు. తల్లి రానక్కర్లేదు కూడా. పాత సాఫ్ట్‌వేర్‌లో భార్యాభర్తల జాయింట్ అకౌంట్ నిబంధన ఒకటి ఉంది, ఇద్దరిలో ఎవరొచ్చినా సరిపోతుందని. అది అలాగే మిగిలిపోయింది.

దాంతో ఏమైందంటే, తల్లిదండ్రులు దుక్కల్లా ఉన్న పిల్లలందరికీ అనాథ సర్టిఫికెట్లు వచ్చేశాయి. మార్కెట్లో సిమెంటు కొట్టు ఆసామి ముగ్గురు పిల్లల్నీ కారులో తెచ్చి, వేలు పెట్టి, చనిపోయి, అదే కారులో తిరిగెళ్ళాడు. నిజంగా ఎవరూ లేని పిల్లలకి మాత్రం పెద్దలు రాలేదని సాయం ఆగిపోయింది.

అద్దె తండ్రులు కూడా బయల్దేరారు. ఒక కోడికి ఒక మరణం. బస్టాండ్ దగ్గర ఒకతను బుధవారం మధ్యాహ్నానికే ఏడుగురు పిల్లలకి చనిపోయాడు. సాయంత్రం అతని ఫోన్ సిమ్ ఆగిపోయింది. ఎందుకంటే మిషన్ దేశంలోని గుర్తింపు కార్డులన్నిటితో కలిసి ఉంది. అక్కడ అతన్ని మృతుల జాబితాలోకి ఎక్కించారు. ఇంటి పెరట్లో ఏడు కోళ్ళు ఉన్నాయి గానీ, ప్రభుత్వం లెక్కలో వాటిని తినే మనిషే లేడు.

ఎలిఫా ఎస్నాత్‌ని కదిపి చూసింది. "నా అన్న ఉన్నాడు అగోగో. కోడి కూడా అక్కర్లేదు."

"వద్దు," అంది ముసలామె. "నా అల్లుడి చోట్లో ఇంకొకడు నిలబడి నేనే పోయానని చెబుతాడా? అప్పుడు నా అల్లుడు ఏమైనట్టు? మేం అబద్ధం చెప్పం. చెప్పేదుంటే ఆ ఆఫీసువాళ్ళనే చెప్పుకోమను."

ప్రణుతి ఆ పూటే హైదరాబాద్‌కి ఫోన్ చేసింది.

"సార్, ఒక్క లైను మారిస్తే సరిపోతుంది. నేనిప్పుడే మార్చేస్తా."

"ముట్టుకోకు తల్లీ! మార్పు కావాలంటే మార్పు అభ్యర్థన కావాలి. దాని మీద వాడేవాళ్ళ ప్రతినిధి సంతకం కావాలి."

"వాడేవాళ్ళంటే అనాథలే కదా సార్."

"ఆఁ, ఎవరో ఒక పిల్లతో పెట్టించు."

"మైనర్ సంతకం పెడితే తల్లిదండ్రుల అనుమతి జతచేయమంటోంది."

"అయితే చేయించు," అన్నాడు చక్రపాణి గారు, టీ గుక్క వేస్తూ.

డైరెక్టర్ మ్బేవే దగ్గరికి వెళ్తే ఆయన గోడ మీది గ్రాఫు చూపించాడు. గీత నిటారుగా కిందికి దిగుతోంది.

"చూశారా మిస్ ప్రణుతీ? పదకొండు వారాల్లో జిల్లాలో అనాథలు డెబ్బై రెండు శాతం తగ్గారు. ఏ ఔషధం, ఏ ఆహార పథకం సాధించలేనిది ధ్రువీకరణ సాధించింది. శుక్రవారం రాజధాని నుంచి అతిథులు వస్తున్నారు. ఇది అనాథరహిత జిల్లాగా ప్రకటించబడుతుంది."

"సార్, ఆ పిల్లలు తగ్గలేదు. మన జాబితాలోంచి పోయారు."

"జాబితాలో లేని బాధకు శాఖ బాధ్యత వహించజాలదు," అన్నాడాయన, కోపం లేకుండా, కొత్తగా చేరిన గుమస్తాకి పాఠం చెబుతున్నట్టు.

*

శుక్రవారం పొద్దున్నే ఆఫీసు ముందు షామియానా వేశారు. బ్యానర్ కట్టారు. ఒకవైపు అతిథులు, కెమెరాలు. ఇంకోవైపు తాడు కట్టి, ఆఖరి రోజని ఆశపడి వచ్చిన పిల్లలూ ముసలివాళ్ళూ. తమాండ ఉతికిన యూనిఫాం వేసుకుని, కాగితాలు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని ముందు నిలబడింది. పక్కన ఎస్నాత్, మంచి రోజుల్లో కట్టే పూల బట్ట నడుముకి చుట్టుకుని.

డైరెక్టర్ గారి ఉపన్యాసం గంట సాగింది. చివర్లో ముఖ్య అతిథి, ఒక కళ్ళజోడు ఆవిడ, "ఈ మిషన్ ఎలా పనిచేస్తుందో చూపిస్తారా?" అని అడిగింది.

"తప్పకుండా! మిస్ ప్రణుతీ, ప్రదర్శన!"

ప్రణుతి టాబ్లెట్ పట్టుకుని లేచింది. "సార్, డెమోకి వేరే సిస్టమ్ లేదు. ఒప్పందంలో పెట్టలేదు. ఇది అసలుది."

"నకిలీ ప్రదర్శనలు నా పద్ధతి కాదు. ఒక బిడ్డ కావాలి, ఫోటోకి." ఆయన తాడు వైపు చూశాడు. ఉతికిన యూనిఫాం కనిపించింది. "రా తల్లీ. భయపడకు. నేను నీకు తండ్రి లాంటివాణ్ణి."

తమాండ వచ్చి కవరు అందించింది. ప్రణుతి ఆమె ఫైలు తెరిచింది. నాలుగో రోజు ఏం చేశావు అని అడిగిన ఎలిఫా తాడు దగ్గర నిలబడి చూస్తోంది.

"ఇక్కడ తండ్రి వేలు పెట్టాలి సార్. ఎవర్ని పిలవను?"

"పిలవడం దేనికి? నాయకత్వం అంటే ముందుండి నడిపించడం." ఆయన కోటు చెయ్యి పైకి లాక్కున్నాడు. కెమెరాలు దగ్గరికొచ్చాయి.

"సార్, ముందు ఇది ఒకసారి చదవండి," అంది ప్రణుతి. నిజంగానే అంది, గట్టిగానే అంది. తెరమీద తెల్లటి గడి, దాని పైన నాలుగు పేజీలు.

"అందరూ ఎదురుచూస్తున్నారు, మిస్!" ఆయన టిక్కు పెట్టాడు. వేలు పెట్టాడు. నవ్వాడు. ఫ్లాష్‌లు వెలిగాయి.

మిషన్ ఒక ఆడగొంతుతో, అతిథులందరికీ వినపడేలా చదివింది: "పై బిడ్డకు తండ్రిని నేనేనని, నేను మరణించి ఉన్నానని, ఇకముందు కూడా అదే స్థితిలో కొనసాగుతానని మీరు ధ్రువీకరించారు. ధన్యవాదాలు. అనాథత్వం ఆమోదించబడినది."

ప్రింటర్ గరగరమని ఒక కాగితం కక్కింది. తమాండ దాన్ని రెండు చేతులా అందుకుని, కవర్లో పెట్టి, మోకాళ్ళు వంచి డైరెక్టర్ గారికి దండం పెట్టి, నేరుగా పడవ రేవు వైపు నడిచింది. పరిగెత్తలేదు. షామియానా దాటాక పరిగెత్తింది.

అందరూ చప్పట్లు కొట్టారు. ఎస్నాత్ ఎలిఫా చెయ్యి లాగింది. "ఆయన అబద్ధం చెప్పాడా?"

"లేదు అగోగో. చదవలేదంతే."

"అయితే సరే," అంది ముసలామె. "వాళ్ళ నోటితో వాళ్ళే చెప్పుకున్నారు."

*

సోమవారం డైరెక్టర్ గారి గది తలుపు ఆయన వేలికి తెరుచుకోలేదు. ఫోన్ మూగబోయింది. బ్యాంకులో కుర్రది ఆయన ముఖం చూసి, కంప్యూటర్ చూసి, సంతాపం తెలిపింది. శాఖ నిబంధనల ప్రకారం మరణించిన అధికారికి రెండు నిమిషాల మౌనం పాటించారు. ఆయనా లేచి నిలబడ్డాడు. నిబంధనల్ని గౌరవించే మనిషి.

ఆయన అభ్యంతరం రాసి ఇస్తే ఆయన సహాయకుడే వెనక్కిచ్చాడు. "క్షమించాలి సార్. మృతుల నుంచి దరఖాస్తులు స్వీకరించరాదని మీదే సర్క్యులర్."

ఈలోగా ఎలిఫా ఊరుకోలేదు. ఒక ఫోటోగ్రాఫర్ని వెంటేసుకుని, మిషన్ సంచిలో పెట్టుకుని, ఆఫీసు ఆఫీసుకీ తిరిగింది. "సార్, పిల్లతో ఒక్క ఫోటో. పత్రికలో వేస్తారట." కాదన్నవాళ్ళు లేరు. చదివినవాళ్ళూ లేరు. గుట్టు బయటపడేలోపు పదకొండు మంది అధికారులు దివంగతులయ్యారు. పదకొండు మంది పిల్లలకి కాగితాలొచ్చాయి. పన్నెండో ఆయనకి తలనొప్పి వచ్చి ఆ రోజు ఆఫీసుకి రాలేదు. ఆయన వల్ల ఒక పిల్లకి ఇప్పటికీ రాలేదు.

అప్పుడు రాజధానిలో ఒక్కసారిగా చలనం వచ్చింది. రెండు రోజుల్లో కొత్త సర్క్యులర్: "అధికారులు మృతులు కాజాలరు." పిల్లల సంగతి పరిశీలనలో ఉందట. పాత మరణాల్ని మాత్రం వెనక్కి తీయాలంటే ఒకటే దారి, పునరుజ్జీవన దరఖాస్తు. దాని మీద మృతుడి బిడ్డ సంతకం ఉండాలి.

డైరెక్టర్ గారు పడవెక్కాడు. టాబ్లెట్ పట్టుకుని ప్రణుతి కూడా వెళ్ళింది. దారి పొడుగునా ఆయన నీళ్ళ వైపే చూస్తూ కూర్చున్నాడు. టికెట్ ఇచ్చేవాడు ఆయన గుర్తింపు కార్డు చూసి, శవాలు సరుకుల వైపు కూర్చోవాలని చెప్పాడు.

స్కూలు సందర్శకుల గదిలో తమాండ దరఖాస్తుని, దానికి జతచేసిన ఆ పాత నాలుగు పేజీల నిబంధనల్ని అందుకుంది. కూర్చుని చదవడం మొదలుపెట్టింది. మొదటి పేజీ. రెండో పేజీ. వేలు పెట్టుకుని, పెదాలు కదుపుతూ. ఇరవై నిమిషాలు పట్టింది. ఆ మిషన్ పుట్టాక ఆ నాలుగు పేజీలూ ఎవరైనా మొత్తం చదవడం ప్రణుతి చూడటం అదే మొదటిసారి. రాసిన తను కూడా చదవలేదు.

"సార్," అంది తమాండ, "నాలుగో పేజీలో కింద చిన్న అక్షరాల్లో ఉంది. నేను సంతకం పెడితే మీరు బతుకుతారు. మీరు బతికితే నా సర్టిఫికెట్ రద్దు. సీటు పోతుంది."

"అది... అది కేవలం లాంఛనం, తల్లీ. విభాగం తరఫున ప్రత్యేక పరిశీలనకు..."

"మా అమ్మమ్మకీ అలాగే చెప్పారు సార్." గొంతులో కోపం లేదు. దరఖాస్తు జాగ్రత్తగా మడిచి ఆయనకి తిరిగిచ్చింది. "నాలుగేళ్ళాగండి. ఆఖరి పరీక్ష రాసిన రోజే సంతకం పెడతాను. ఇంకోటి. ఏటా నవంబర్లో వచ్చి వేలు పెట్టాలి. రాకపోతే నా రికార్డు మూసేస్తారు. రికార్డు మూసేస్తే మీకు సంతకం పెట్టడానికి బిడ్డ ఉండదు. మూడో పేజీలో ఉంది."

డైరెక్టర్ గారు ప్రణుతి వైపు చూశాడు.

"ఒక్క లైను మారిస్తే సరిపోతుంది సార్," అంది ప్రణుతి. "మార్పు అభ్యర్థన మీద పిల్ల సంతకం కావాలి. దానికి తండ్రి అనుమతి జతచేయాలి. తండ్రి మీరే కాబట్టి మీరు పెట్టొచ్చు. కాకపోతే మృతుల నుంచి స్వీకరించరు."

బయటికొస్తుంటే గేటు దగ్గర వార్డెన్ పుస్తకం ముందుకు తోసింది. పేరు, తేదీ, పిల్లతో సంబంధం. ఆయన ముందు పేరు, తేదీ రాశాడు. తర్వాత "తండ్రి" అని రాశాడు.

వెనకనుంచి తమాండ పరిగెత్తుకుంటూ వచ్చింది.

"సార్, ఒకటి మర్చిపోయాను. అగోగో మీకు నమస్కారం చెప్పమంది. అమ్మానాన్నల దగ్గర గడ్డి పీకేటప్పుడు, పక్కన మీ కోసం కూడా కాస్త చోటు బాగు చేస్తోందట. ఏమీ అనుకోవద్దంది. ఇంట్లో మనిషికి చెయ్యకపోతే బాగుండదని."

*

అదీ సంగతి. ఇక మీరు చెప్పండి. బతికే ఉన్నారనో, ఒంటరి అనో, పేదవాళ్ళనో, అసలు మీరు మీరేననో కౌంటర్ అవతలి మనిషికి నిరూపించుకోవాల్సి వచ్చిన రోజు మీకూ ఒకటి ఉండే ఉంటుంది. రాసి పంపండి, చదువుతాను. నాలుగు పేజీలున్నా సరే, చిన్న అక్షరాలతో సహా. ఏ కాగితమూ జతచేయక్కర్లేదు. మీరు చెబితే చాలు.